'ది' అంటే గారు

ఇచ్చోడ దగ్గర మా బడి ఇంగ్లీషు మీడియం అయిన ఏడు నా తల తిరిగిపోయింది. నేను చదివింది హుస్నాబాద్‌లో, తెలుగు మీడియంలో. టీచర్లు తక్కువ కాబట్టి ఏడో తరగతికి ఇంగ్లీషు, సైన్సు రెండూ నా నెత్తినే పడ్డాయి. మిగతాదంతా ఎలాగో నెట్టుకొచ్చాను. ఇంగ్లీషులో నామవాచకం ముందు 'ఎ' ఎప్పుడు పెట్టాలో, 'ది' ఎప్పుడు పెట్టాలో మాత్రం అంతుపట్టలేదు. తెలుగులో కుక్క అంటే కుక్కే. ఏ కుక్కో వినేవాళ్లకు తెలుస్తుంది. ముందర మళ్లీ ఈ తోకెందుకో!

పుస్తకంలో చూస్తే సూర్యుడికి 'ది' ఉంది, చంద్రుడికి ఉంది, గోదావరికి ఉంది, కలెక్టరుకూ ఉంది. ఇంకేం, దొరికిందనుకున్నాను. "పెద్దోళ్లకు గారు అంటం గద, ఇంగ్లీషుల గదే 'ది'" అని పిల్లలకు చెప్పేశాను. పిల్లలు ముచ్చటపడి వాళ్ల అమ్మమ్మలకు కూడా 'ది' పెట్టి రాశారు. నేనూ ఎర్ర పెన్నుతో టిక్కులు కొట్టాను.

ఆర్నెల్ల తర్వాత ఆదిలాబాద్‌లో టీచర్లకు ట్రైనింగ్. చెప్పే సారు తెర మీద చూపిస్తున్న ఇంగ్లీషు కథలో దొంగ ముందు 'ది' కనిపించింది. ఉండబట్టలేక లేచాను.

"సార్, దొంగకెందుకు సార్ 'ది'?"

"పై లైన్ల ఒక దొంగ అన్నం గద మేడం. గిప్పుడు గా దొంగే."

"మరి సూర్యునికి?"

"ఒక్కడే ఉంటడు గద."

"గోదావరికి?"

"నదులకు వస్తది."

"ఆదిలాబాద్‌కు?"

"ఊర్లకు రాదు."

"ఎందుకు రాదు సార్?"

"గట్లనే ఉంటది మేడం, కూసోండ్రి."

హాలంతా నవ్వింది. నాకు సగం అర్థమైంది, సగం కాలేదు. అర్థమైన సగమే చాలు, సిగ్గుతో చచ్చిపోయాను.

తిరుగు బస్సులో మా లెక్కల సారు ధైర్యం చెప్పారు. "ఫికర్ జెయ్యకుండ్రి మేడం. పిల్లలకేం ఎరుక? మెల్లగ మార్చి చెప్పుండ్రి, అయిపాయె." అలాగే చేద్దామనుకున్నాను, అబద్ధమెందుకు. నేను ఏం చెప్పినా ఆ పిల్లలు నమ్ముతారు. టీచరుగా నాకున్నది అదొక్కటే. అది పోతే రేపు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? కానీ మర్నాడు క్లాసులో పిల్లల నోటుపుస్తకాల్లో ఆ టిక్కులు చూశాక అలా చేయలేకపోయాను.

"నేను చెప్పింది తప్పు బిడ్డా. 'ది' అంటే గారు కాదు" అన్నాను.

"మరేంది టీచర్?"

తెలిసినంత చెప్పాను. చెబుతూ నేనే రెండుసార్లు తడబడ్డాను. ఎవరూ నవ్వలేదు. అయ్యో, నవ్వినా బాగుండేది. ముందు వరుసలో ఎప్పుడూ నోరెత్తని పిల్ల ఒకతి మెల్లగా లేచింది.

"టీచర్, మొన్న సైన్స్‌ల భూమి తిరుగుతదని చెప్పిండ్రు. గదన్న నిజమేనా?"

నిజమేనన్నాను. ఆ పిల్ల కూర్చుంటూ, నమ్మొచ్చా అన్నట్టు పక్కనున్న పిల్ల మొహం చూసింది.