కొనలు తుంచని ట్యాంకు

1963. మహబూబ్‌నగర్‌లో నాది ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం. ఎవరైనా అడిగితే అద్దాల ట్యాంకులు కూడా చేసి, అడుగున ఇసుక పోసి, మొక్కలు నాటి, చేపలు వేసి ఇచ్చేవాణ్ణి. కుంటల అంచున దొరికే ఎర్రకాడల మొక్కలంటే నాకు ప్రాణం. ఇవి స్టెమ్ ప్లాంట్స్, అంటే నిలువు కాడకు ఆకులు వేసేవి. వదిలేస్తే పైకే పోతాయి. కొనలు తుంచితే పక్క పిలకలు వేసి పొట్టిగా, గుబురుగా పెరుగుతాయి. ఆ తుంచడాన్నే ట్రిమ్మింగ్ అంటాం.

బడిపంతులు నర్సింహ నా దగ్గర చిన్న ట్యాంకు కొన్నాడు. భార్య యాదమ్మకు నెలలు నిండకుండానే కడుపు పోయింది. ఆ దిగులు మరిపించాలని అతని ఆరాటం. ఆమె చేపలతో మాట్లాడేదట కూడా. కొన్నాళ్లకు అతను పరుగున వచ్చాడు.

"అన్నా, చేపలు పైకొచ్చి నోర్లు తెరుస్తున్నయి. జర వచ్చి చూడు."

వెళ్లి చూస్తే మొక్కలు నీళ్లను కప్పేశాయి. కింద వెలుతురు లేక ఆకులు కుళ్లి కంపు కొడుతున్నాయి. తుంచమని అన్నిసార్లు చెప్పినా ఒక్క కొన కూడా తుంచలేదు. నాకు ఒళ్లు మండింది.

"ఎట్ల తుంచుతడన్నా? నేను మల్ల కడుపుతోటున్న," అంది యాదమ్మ. "మా సారు పచ్చని చెట్టు కొయ్యొద్దు గద."

భార్య కడుపుతో ఉంటే మగవాడు చెట్టు కొట్టడు, క్షవరం చేయించుకోడు. పంతులు పెరిగిన గడ్డం చూసైనా నాకు తట్టాల్సింది.

"నేను తుంచుతలే, చెల్లె."

"ఎవరు తుంచినా మా ఇంట్ల పచ్చనిది సచ్చుడే గద," అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. చేపలు చచ్చిపోయినా ఆ ఇంట్లో అపశకునమే. నా కోపం అక్కడే చల్లారింది.

"మీ తల్లిగారిది తిరుమలగిరి గద. ఆడ వరినారు కొసలు తుంచి నాటేస్తరు. గా నారు సచ్చిపోతదా?"

యాదమ్మ కళ్లు తుడుచుకుంది. "తుంచినయి పారెయ్యవు గద?"

"ఒక్కటి గూడ పారెయ్య. ఇసుకల గుచ్చితే మల్ల ఏర్లు పడ్తయి. నువ్వే నాటు."

నేను తుంచాను, ఆమె నాటింది. పొలంలో నాటేసిన చేతులు, కొన తర్వాత కొన ఇసుకలో దిగిపోయింది. పంతులు చేతులు వెనక్కి కట్టుకుని దూరంగానే నిలబడ్డాడు. కుళ్లు తీసి, నీళ్లు మార్చాక చేపలు అడుగుకు దిగాయి.

ఎండాకాలంలో బిడ్డను చంకనేసుకుని యాదమ్మ దుకాణానికి వచ్చింది. పక్కన పంతులు, నున్నగా గీసిన గడ్డంతో. తడిగుడ్డ మూట విప్పితే నిండా ఎర్రకొనలు.

"మస్తు పెరిగినయన్నా. పారెయ్యబుద్ధి కాలే. నీ ట్యాంకుల నాటు."

ఆ బిడ్డను చూసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. అప్పటినుంచి ట్రిమ్మింగ్ ఎవరికి నేర్పినా, ముందు నాటడం నేర్పి ఆ తర్వాతే కత్తెర చేతికిస్తాను.