ఉస్తాద్ అన్న మాట

2021 ఫిబ్రవరిలో జర్మనీలోని డ్రెస్డెన్‌లో అందరికీ మూతికి మాస్కు ఉంటే, రుమానాకు నాలుక్కి కూడా ఉండేది. దుబాసీ పని అలాంటిది. విన్నది చెప్పాలి, సొంత ముక్క ఒక్కటీ కలపకూడదు. హైదరాబాదు యాకుత్‌పురా పిల్ల, కబుర్లకు పెట్టింది పేరు. నీకా ఈ ఉద్యోగం అని భర్త సయీద్ నవ్వేవాడు. అయినా నాలుగేళ్లలో ఆమె ఒక్కసారీ నోరు జారలేదు.

కరోనాకు కిటా, అంటే పసిపిల్లల బడి, మూసేశారు. కూతురు సితారాను పక్క గదిలో బొమ్మల ముందు కూర్చోబెట్టి, వంటింటి తలుపేసుకుని ఫోన్లోనే పని చేసేది.

ఆ పొద్దున పిల్లల సంరక్షణ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. దరీ భాష దుబాసీకి కరోనా, ఉర్దూ అయినా సరిపోతుందన్నారు. అవతల పల్వషా అనే పన్నెండేళ్ల అఫ్ఘాన్ పిల్ల. యుద్ధంలో అమ్మానాన్నలు పోయాక పెషావర్‌లో పెరిగి ఉర్దూ నేర్చింది. పక్కనే, బాబాయినంటున్న ఒక మనిషి. అధికారిణి సంతకం పెడితే సాయంత్రానికి పిల్ల అతని ఇంటికి వెళ్లిపోతుంది.

"బాబాయి దగ్గర ఉండటం నీకిష్టమేనా?" అధికారిణి ప్రశ్నను రుమానా ఉర్దూలో అడిగింది.

"ఉస్తాద్ ఎట్లంటే అట్ల," అంది పల్వషా.

రుమానా ఆ మాట దగ్గర ఆగింది. బాబాయిని చాచా అంటారు గానీ ఉస్తాద్ అనరు. చిన్నప్పుడు వాళ్ల గల్లీ చివర జరీ కార్ఖానా ఉండేది. పొద్దస్తమానం వంగి కుట్టే పిల్లలు యజమానిని ఉస్తాద్ అనే పిలిచేవారు. అదేదో గౌరవమనుకుంది అప్పట్లో. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసింది.

జర్మన్‌లో ఆ మాటకు మైస్టర్ అనాలి. ఈ దేశంలో మైస్టర్ అంటే ఎంతో మర్యాద. ఆ మాట అంటే పిల్ల కొంప మునుగుతుంది. ఉస్తాద్‌ను ఉస్తాద్‌గానే ఉంచి చెప్పింది.

మగ గొంతు అందుకుంది. "ముద్దుగా అట్ల పిలుస్తది మేడం."

రుమానా అదీ జర్మన్‌లో చెప్పింది. తర్వాత నాలుగేళ్ల మాస్కు తీసేసింది.

"ఇది నా సొంత మాట. ఉస్తాద్ అంటే బాబాయి కాదు, పని నేర్పేవాడు. ఏం నేర్పాడో పిల్లను ఒంటరిగా అడగండి."

అధికారిణి అతన్ని బయట ఉండమంది. కుర్చీ జరిగిన చప్పుడైంది. అతను ఏదో గొణుగుతూ బయటికెళ్లాడు, తలుపు మూసుకుంది. అధికారిణి అడిగింది.

"తివాచీ ముడులెయ్యడం," అంది పల్వషా. "ఏడుపొస్తే దారం తడవకుండ మొకం పక్కకు తిప్పుకోవడం."

రుమానా ఒక్క ముక్క కలపకుండా, ఒక్కటీ తగ్గించకుండా చెప్పింది. అప్పటికి తన చెంపలు తడిసిపోయాయి.

ఆ సంతకం పడలేదు. నియమం తప్పిందని ఆ ఆఫీసు రుమానాను మళ్లీ పిలవనూ లేదు.

"పోతే పోనీ నౌకరీ," అన్నాడు సయీద్. "ఆ పిల్లను బచాయించినవ్ గద."

రుమానా గల్లీ చివర కార్ఖానా పిల్లల్లో ఒక్కరి పేరైనా గుర్తొస్తుందేమోనని చూస్తోంది. రాలేదు.