వంగకుండా పోయే దర్వాజ

నైజాం రాజ్యం పోయి పదేళ్లు దాటింది. అప్పుడు నేను తాండూరులో పంతులమ్మను. ఆదివారాలు మా బడి వాళ్లం, స్టేషన్‌లో పనిచేసే ఇద్దరు గుమాస్తాలు కలిసి బషీరాబాద్ దారిలో ఒక పల్లెకు పోయేవాళ్లం. నాపరాతి గనుల్లో కూలి చేసుకునే గుడిసెల వాళ్లకు అక్కడ ఇళ్లు కడుతున్నాం. స్థలం సర్కారుది, రాయి గనివాళ్లు పారేసిన ముక్కలు, చెమట మాది. పని తెలిసినవాడు మేస్త్రీ ఒక్కడే. మేం అతనికి సాయపడ్డామో అడ్డం పడ్డామో అతన్నే అడగాలి.

ఆ ఏడు వానలకు ముందు ఒక్క ఇల్లే పూర్తయ్యేలా ఉంది. గనిలో బండలు మోసే ఒకామెకు అది ఇద్దామనుకున్నాం. మొగుడు లేడు, ముసలి అత్త, ఒక బిడ్డ. కిందటి ముసురుకు వాళ్ల గుడిసె సగం కూలింది.

తలుపు సంగతి నేను మీద వేసుకున్నాను. ఒక పటేలు ఇంటికి మూడుసార్లు తిరిగి, ఆయన పశువుల కొట్టంలో పడి ఉన్న టేకు దర్వాజ, అంటే ద్వారబంధం, ఉత్తపుణ్యానికి సంపాదించాను. కింద నిలబడి చూసుకుంటే నా తలకు తగల్లేదు. నేను పొట్టిదాన్నన్న సంగతి ఆ సంతోషంలో గుర్తే రాలేదు.

దాన్ని బండి మీంచి దించి గోడల మధ్య నిలబెట్టేసరికి ఆ బండలు మోసే ఆమె వచ్చింది. మంచి పొడగరి. నెత్తి మీద నీళ్ల బిందె. దర్వాజ ముందు ఆగిపోయింది.

“గిది పొట్టిగున్నది, పంతులమ్మా.”

“జర వంగితే సరిపోతది గదా,” అన్నాను.

“గనిల వంగుతున్న, పటేలు ముంగట వంగుతున్న, గుడిసెల వంగుతున్న. నా ఇంట్లకు గూడ వంగే రావాల్నా? గట్లయితే నాకీ ఇల్లొద్దు. ఇంకోళ్లకియ్యి.”

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పటేలు ఇంటి చుట్టూ తిరిగిన తిరుగుడు గుర్తొచ్చి నోరు జారాను. “పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని కొట్లాడినట్టున్నది నీ వరస!”

ఆమె బిందెతో అట్లాగే వెనక్కి తిరిగి పోయింది. నేను ఊరుకోకుండా ఇళ్లు ఇవ్వాల్సిన వాళ్ల జాబితా తీసి, ఆమె తర్వాతి కుటుంబం పేరు అందరికీ వినబడేలా చదివాను. ఇవాళ రాస్తుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది.

మేస్త్రీ గోడకానుకుని బీడీ ముట్టించాడు.

“మా ఇంటి దర్వాజ గూడ గింతే, పంతులమ్మా. నా పెండ్లాం ఇన్నేండ్లల్ల ఒక్కనాడు అనలే. గీమె అన్నది.” రెండు దమ్ములు లాగి మళ్లీ అన్నాడు. “గని కాడ పొడుగు బండలున్నయి. రెండు నిలబెడ్త, మీద ఒకటి అడ్డమేస్త. కట్టె దర్వాజ ఎందుకు?”

నేను జాబితా మడిచి పెట్టుకున్నాను. జాబితాలో ఆమె పేరు మాత్రం కొట్టెయ్యలేదు. అంతకుమించి దిగిరావడం ఆ రోజు నాకు చేతకాలేదు.

మూడో ఆదివారానికి మేస్త్రీ అన్న రాతి దర్వాజ నిలబడింది, పైకప్పు పడింది. మేస్త్రీ పోయి నచ్చజెప్పి తీసుకొస్తే ఆమె ఇంట్లో చేరింది. తలుపు లేదు, గోనెపట్టా వేలాడదీసుకుంది. తప్పయిందని చెప్పడానికి పోయాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. పిల్లల్ని బడికి పిలవడానికి గుడిసెల్లో దూరీ దూరీ ఉన్న అలవాటుకొద్దీ, పట్టా తొలగించి నడుం వంచాను.

లోపల్నుంచి ఆమె నవ్వింది.

“సక్కగ రా, పంతులమ్మా. ఈడ వంగే పని లేదు.”