గొడౌన్లో ఇటలీ కారు

మా మావయ్యగారు నగరేశ్వరరావుగారిది ఆమదాలవలసలో బియ్యం వ్యాపారం. స్టేషను రోడ్డులో కొట్టు, కొట్టు వెనక ఇల్లు, ఇంటి వెనక గొడౌను. ఎవరు బస్తా తెచ్చినా చిన్న ఇనుప గొట్టం గుచ్చి, జారిన గింజల్ని అరచేతిలో పరిచి, రెండు నమిలి చూస్తారు. బేరం మాట ఆ తర్వాతే. చూడకుండా నమ్మరు, మాట ఇచ్చాక మార్చరు. ఊళ్ళో ఎవరిని అడిగినా ఆయన గురించి ఈ రెండూ చెబుతారు. మూడోది చెప్పేటప్పుడు మాత్రం నవ్వుతారు. గొడౌన్లో బస్తాల వరసల పక్కన ఆయనకొక ఇటలీ కారు ఉంది.

ముప్పై ఏళ్ళ పాత కారు. ఎర్రటిది, ఇద్దరికే చోటు. ఇంజను సీట్ల వెనక ఉంటుంది. హెడ్‌లైట్లు పగలంతా రెప్పల కింద దాక్కుని, మీట నొక్కితే పైకి లేస్తాయి. విశాఖలో ఓడల వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి ఇంటికి మావయ్యగారు బియ్యం వేసేవారట. ఆయన పోయాక ఆ కారు షెడ్డులో దుమ్ము కొట్టుకుపోతుంటే చూడలేక కొనేశారు. "బస్తాలు దింపడానికెల్లి కారెక్కించుకొచ్చినాను" అంటారు. మా అత్తయ్య కన్యాకుమారి ఆ మాట విన్నప్పుడల్లా "బస్తాలే నయం, వండుకు తినొచ్చు" అంటుంది.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికే కారు గొడౌన్లో ఉంది. ఏడాదిలో మూడు నాలుగుసార్లు మించి బయటికి రాదు. వచ్చినా స్టేషను దాకా వెళ్ళి తిరిగి వస్తుంది. నేల నుంచి జానెడు ఎత్తయినా ఉండదేమో, స్పీడు బ్రేకరు వస్తే మా ఆయన ఉపేంద్ర ముందు దిగి, తవుడు గోతాలు అటూ ఇటూ పరిచి, వాటి మీదుగా దాటించాలి. ఆ వేడుక చూడటానికి కొట్ల వాళ్ళందరూ గుమ్మాల్లోకి వచ్చేవారు.

విశాఖ నుంచి మెకానిక్ ధనరాజ్ వచ్చి టైమింగ్ బెల్టు మార్చాలని చెప్పిన రోజు మావయ్యగారు ఒప్పుకోలేదు.

"తిరగని బండికి అరుగుదలేటి? ఇంకా కొత్తగానే ఉంటాది."

"సావుకారూ, అది రబ్బరు. తిరిగినా తిరక్కపోయినా ముసలైపోతాది. అది తెగిందంటే వాల్వులెల్లి పిస్టన్లకి తగుల్తాయి. ఇంజను పోయినట్టే."

"బియ్యం పాతబడితే రుచొస్తాది."

"మరైతే బెల్టుని వండుకోండి."

నవ్వి ఒప్పుకున్నారు. ఆ కారుకు బెల్టు మార్చాలంటే ఇంజను మొత్తం కిందికి దించాలి. గొడౌను ఖాళీ చేయించి, దూలానికి గొలుసు కప్పీ కట్టించి, నేల కడిగించారు. ఇంజను గాల్లో వేలాడుతున్నంతసేపూ మావయ్యగారు దాని కింద నిలబడలేదు, పక్కకీ పోలేదు. బెల్టులు, నీటి పంపు, గొట్టాలు అన్నీ కొత్తవి పడ్డాయి. స్టార్ట్ చేస్తే గొడౌను రేకులు అదిరాయి. మా పాప ఏడుపు లంకించుకుంది. మావయ్యగారికి కూడా కళ్ళు తడిశాయి, పొగ వల్ల అన్నారు.

ఇక దానికి ఢోకా లేదనుకున్నాం. నెల తిరగకుండానే మొదలైంది.

ఒక రోజు కిటికీ అద్దం దిగింది, మళ్ళీ ఎక్కలేదు. మర్నాడు దానంతట అదే ఎక్కింది. ఒకసారి డ్యాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగి, స్టేషను దాకా వెళ్ళి వచ్చేలోపు ఒక్కొక్కటీ ఆరిపోయాయి. రైల్వే గేటు దగ్గర ఆగి ఉండగా ఒక హెడ్‌లైటు లేచి, పడి, మళ్ళీ లేచింది. ఎదురుగా కూరల బుట్టలతో నిలబడ్డ ఆడవాళ్ళు పగలబడి నవ్వారు.

"ఓలమ్మో, సావుకారి కారు కన్ను కొడతన్నాది!"

ఆ కబురు మా కంటే ముందే ఇల్లు చేరింది. "ఈ వయసులో మీకిదేటండీ?" అని అత్తయ్య నిలదీసింది.

ధనరాజ్ బ్యాటరీ అన్నాడు. మార్చాం. ఎర్త్ తీగ అన్నాడు. విప్పి శుభ్రం చేశాం. బెల్టు పనిలో అతనే ఏదో తీగ సరిగ్గా పెట్టలేదని ఉపేంద్ర అన్నాడు. అత్తయ్య దిష్టి అని గుమ్మడికాయ కొట్టించింది. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. పెళ్ళికి ముందు కాలేజీలో ల్యాబు చూసేదాన్ని. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలనే పద్ధతి నాకు తెలుసు. మల్టీమీటరు తెచ్చి కొలిచాను. పొద్దున్న ఒక అంకె, మధ్యాహ్నం ఇంకోటి. తీగను వేలితో కదిపితే మూడోది. ఏది మార్చినా ఆ రోజుకి బాగుండేది. మర్నాడు ఇంకోచోట తిరగబడేది. పాపకు జ్వరం వచ్చినప్పుడు రెండు థర్మామీటర్లు రెండు రకాలుగా చూపిస్తే, దేన్ని నమ్మి మందు వేయాలో తెలియక చేతులాడవు చూడండి, అలా ఉండేది నాకు.

చివరికి అత్తయ్యకు విసుగొచ్చింది. ఒక రోజు భోజనాల దగ్గర తేల్చేసింది.

"కొట్టు సూస్తన్నారా, కారు సూస్తన్నారా? రామతీర్థం ఎల్లి దర్శనం సేసుకుని, లారీ ఎక్కకుండా దాని కాళ్ళ మీద అది ఇంటికొస్తే ఉంచండి. లారీ ఎక్కితే అమ్మీయండి. ఒప్పుకుంటారా?"

మావయ్యగారు చారన్నం కలుపుతున్న చెయ్యి ఆపారు. "ఒప్పుకున్నాను" అన్నారు. ఆ ఇంట్లో ఆ మాటకు ఎంత బరువో అందరికీ తెలుసు. ఆయన మళ్ళీ అన్నం అడగలేదు.

కార్తీకంలో ఒక తెల్లవారుజామున బయల్దేరాం. ఎర్ర కారులో ఆయనా అత్తయ్యా, వెనక మా కారులో ఉపేంద్రా నేనూ పాపా. శ్రీకాకుళం దాటి హైవే ఎక్కాక ఆ కారు చప్పుడే మారిపోయింది. గొడౌన్లో దగ్గినట్టు ఉండేది, అక్కడ గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నట్టు సాగింది. రామతీర్థంలో మెట్లెక్కి దర్శనం చేసుకున్నాం. కారు చుట్టూ మూగిన పిల్లల్ని అత్తయ్యే వంతులవారీగా లోపల కూర్చోబెట్టింది. "బాగానే వచ్చినాది" అని ఒక్క మాట అంది. మావయ్యగారు విననట్టు నటించి, పక్కకు తిరిగి నవ్వుకున్నారు.

తిరుగుదారిలో రణస్థలం దాటాక ఎర్ర కారు ఉన్నట్టుండి రోడ్డు పక్కకు జరిగి ఆగింది. ఇంజను శబ్దం ఠక్కున తెగిపోయింది. మేం పరిగెత్తి వెళ్ళేసరికి మావయ్యగారు తాళం చేత్తో పట్టుకుని దిగుతున్నారు.

"ఆయిలు దీపం వెలిగినాది" అన్నారు.

ఆయిల్ ఒత్తిడి పోయిందని చెప్పే ఎర్ర దీపం అది. అది నిజమైతే ఒక నిమిషం నడిపినా ఇంజను లోపల ఇనుమూ ఇనుమూ రాసుకుని నాశనమైపోతుంది. అబద్ధమైతే ఏమీ కాదు. ఆ నెలంతా ఆ కారులో ప్రతి దీపమూ ఏదో ఒకసారి అబద్ధం చెప్పింది.

"అది కూడా ఉత్తిదేనేమో నాన్నా. ఇల్లెంత దూరం, పోనిచ్చీవలసింది" అన్నాడు ఉపేంద్ర.

"ఉత్తిదని నీకెలగ తెలుస్తాది?"

నా వైపు చూశారు. నాకూ తెలియదు. ఆయిల్ కడ్డీ తీసి చూశాను, ఆయిల్ నిండుగానే ఉంది. అది పైకి ఎక్కుతోందో లేదో మాత్రం కడ్డీ చెప్పదు.

ఆటో ఒకటి నెమ్మదించింది. "సావుకారూ, పెట్రోలు అయిపోనాదేటి? తోసీమంటారా?" అని డ్రైవరు అరిచి, లోపలి వాళ్ళు నవ్వుతుండగా వెళ్ళిపోయాడు. అత్తయ్య కొంగు నెత్తిన కప్పుకుని తాడిచెట్టు నీడకు పోయింది. పందెం సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడమే మావయ్యగారికి కష్టంగా ఉన్నట్టుంది.

ధనరాజ్‌కు ఫోన్ చేస్తే విశాఖ నుంచి బండి మీద వచ్చాడు. ఒత్తిడి నేరుగా కొలిచే ముల్లు మీటరు ఇంజనుకు బిగించి స్టార్ట్ చేశాడు. ముల్లు చక్కగా పైకి లేచి నిలబడింది. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

"ఇంజను బంగారం సావుకారూ. దీపమే దొంగది" అన్నాడు. తర్వాత ఆ దీపానికి వెళ్ళే తీగ ఊడదీసి, కొసను వెలుతురులో తిప్పి చూసి, మొహం ముడిచాడు. "ఉప్పుగాలికి పచ్చబడ్డం సూసినాను. ఇలగ నల్లబడ్డం ఎక్కడా సూళ్ళేదు."

రాగి కొస బొగ్గులా ఉంది. గోటితో గీస్తే నల్లపొడి రాలింది. పైతొడుగు చీల్చి చూశాం. లోపల తీగ కూడా చాలా దూరం నలుపే.

"మావయ్యా, గొడౌన్లో ఈమధ్య ఏమైనా వేశారా?"

"ఏటీ ఎయ్యనేదమ్మా. ముక్కుపురుగు పడితే మందు బిళ్ళలెట్టినాను, ప్రతేడూ ఎట్టినట్టే."

"కారు అప్పుడెక్కడ ఉంది?"

"లోపలే. ఏటా బయటెట్టీవోణ్ణి, ఈపాలి ఎలకలు సీటు కొరికేస్తన్నాయి కదా, దానిక్కూడా తగుల్తాదని తలుపులూ వెనక మూతా అన్నీ తెరిచి, పైన టార్పాలిను కప్పినాను." కాస్త గర్వంగానే అన్నారు. "ఒక్క ఎలక మిగల్నేదు."

ఆ బిళ్ళలు గాలిలో తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతాయి. అది పురుగునూ ఎలుకనూ చంపుతుంది. రాగిని కూడా తింటుంది. బియ్యానికేం కాదు, గోతానికేం కాదు. రాగి తీగలతో నిండిన బండిని ఆ గాలిలో ఎవరూ పెట్టరు కాబట్టి ధనరాజ్ ఎప్పుడూ చూసి ఉండడు. నాకు మాత్రం ముందు కారు గుర్తు రాలేదు. ఆ వారం పాప ఎక్కడుందో గుర్తు తెచ్చుకోవడానికి తంటాలు పడ్డాను. మేం కోటబొమ్మాళిలో మా పుట్టింట్లో ఉన్నామని తట్టాక గానీ ఊపిరి ఆడలేదు.

అంతా విని మావయ్యగారు కారు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. "అంటే నానే సేసినాను" అన్నారు.

"పోనీండి సావుకారూ, ఇంజను మంచిదే కదా. ఇంటికి పోనియ్యండి. ఎనక నాను వస్తాను" అన్నాడు ధనరాజ్. మా అందరి ప్రాణం లేచి వచ్చింది. లారీ అక్కర్లేదు. పందెం గెలిచినట్టే.

మావయ్యగారు కదల్లేదు.

"ఇప్పుడు మంచిదే. దార్లో నిజంగా ఒత్తిడి పోతే నాకెవరు సెప్తారు? ఆ దీపం ఎలగూ ఎలుగుతూనే ఉన్నాది."

"ఈ మీటరు బిగించే ఉంచుతాను."

"అది ఎనక ఇంజను కాడ. నాను ముందు సీట్లో. ఎలగ సూస్తాను?"

ఆయనే ఫోన్ తీసి కొట్లో గుమాస్తాకు చెప్పి బియ్యం లారీ రప్పించారు. గోతాలు పరిచి, పలకలు వేసి, కారును పైకి తోయించారు. మొత్తం ఎక్కేదాకా అత్తయ్య వైపు చూడలేదు. ఎక్కాక దగ్గరికి వెళ్ళి, "అమ్మీస్తాను కన్యా" అన్నారు. అత్తయ్య మంచినీళ్ళ సీసా మూత తీసి చేతికిచ్చింది.

మాట తప్పలేదు. విశాఖలో నలుగురికి కబురు పెట్టారు. మొదట వచ్చినాయన కారు చూసి మురిసిపోయాడు. బేరం మొదలుకాకముందే మావయ్యగారు మందు బిళ్ళల సంగతంతా చెప్పేశారు. ఆయన టీ తాగి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. రెండో మనిషి ఇంజను ఒకడికి, సీట్లు ఒకడికి, తలుపులు ఒకడికి అమ్ముకుంటానన్నాడు. మావయ్యగారు లోపలికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"ముక్కలు సేస్తాడట" అన్నారు.

అత్తయ్య బియ్యం ఏరుతోంది. తలెత్తకుండా అంది: "నాను అమ్మమన్నాను. కొయ్యమన్నానేటి? మొత్తంగా కొనీవోడొచ్చినవరకూ పడుండనీండి."

ఇప్పుడు కారు గొడౌన్లో లేదు. ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉంది. ఆదివారాలు మావయ్యగారూ నేనూ ఒక్కో తీగా విప్పి నల్లబడ్డ మేర కత్తిరించి కొత్తది అతుకుతున్నాం. పెద్ద తీగల కట్ట విదేశం నుంచి రావాలి. వస్తుందో రాదో ధనరాజ్ కూడా చెప్పలేకపోతున్నాడు. అమ్మడానికి బాగుచేస్తున్నామో ఉంచుకోవడానికో నేను అడగలేదు. అడిగితే ఆయనకూ తెలియదనుకుంటాను.

మొన్న రాజమండ్రి నుంచి ఎవరో ఫోన్ చేశారు. మావయ్యగారు మందు బిళ్ళల నుంచి మొదలుపెట్టి అన్నీ వరసగా చెప్పారు. అవతలి మనిషి అంతా విని ఒకటే అడిగాడట, బండి నమ్మకంగా ఉంటుందా అని. మావయ్యగారు ఫోన్ నా చేతిలో పెట్టారు.

"నువ్వు సైన్సు సదివినావు కదమ్మా, నువ్వు సెప్పు."

ఒక చేత్తో పాప, ఇంకో చేత్తో ఫోన్. కారు వైపు చూశాను. ఏ తీగ మంచిదో, ఏది లోపల నల్లబడి ఉందో పైకి ఏమీ తెలియడం లేదు.

"రేపు పొద్దున్న స్టార్ట్ అవుతుందండీ" అన్నాను. "ఎల్లుండి సంగతి నాకు తెలియదు."

ఫోన్ కట్ అయింది. మావయ్యగారు దాన్ని తిరిగి తీసుకుని జేబులో పెట్టుకున్నారు.

"సరిగ్గానే సెప్పినావు" అని, కత్తెర అందుకుని మళ్ళీ కారులోకి వంగారు.