తవిటయ్య బావ గ్యాంగు

మా తవిటయ్య బావకి ఈ లోకంలో ఊరికే తిరిగే ప్రాణి అంటూ ఒక్కటీ కనిపించదు. బల్లి, సాలీడు, కప్ప, గుడ్లగూబ, అన్నీ షిఫ్టు డ్యూటీలో ఉన్నట్టే లెక్క. ఎవరైనా చీపురో చెప్పో పట్టుకుని ఏ పురుగు మీదికైనా వెళ్తే చాలు, ఎక్కడున్నా ఊడిపడి ఒకటే ప్రశ్న వేస్తాడు. "దీనికి రిలీవరు వొచ్చేడా?"

హార్బరులో పనిచేసినవాళ్ళకి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. షిఫ్టు అయిపోయిందని సైరను కూసినా సరే, తరవాతి షిఫ్టువాడు వచ్చి చార్జి తీసుకునేదాకా ముందువాడు కదలకూడదు. ఆ వచ్చేవాడే రిలీవరు. వాడు రాకుండా వెళ్ళిపోతే క్రేను ఆగినా, ఓడ ఆగినా దోషం వెళ్ళిపోయినవాడిదే. బావ హార్బరు బయట ఓ క్లియరింగ్ ఏజెంటు దగ్గర టైంకీపరు. ఎవరి తరవాత ఎవరు దిగాలో చూసుకోవడమే అతని ఉద్యోగం. నేనూ అక్కడే టాలీ గుమస్తాని, పేరు శ్రీరామ్మూర్తి. బస్తాలు లెక్కపెట్టడం నా పని, ఉలిక్కిపడటం నా స్వభావం. మా ఇద్దరికీ చుట్టరికమేమీ లేదు. మా వైపు మగాళ్ళు ఒకళ్ళనొకళ్ళు బావా అని పిలుచుకుంటే అదే చుట్టరికం.

డెబ్భై ఎనిమిది ప్రాంతాల్లో గాజువాకలో పక్కపక్క వాటాల్లో ఉండేవాళ్ళం. ఓ సాయంత్రం మా ఆవిడ గౌరీశ్వరి భుజం మీద బల్లి పడింది. నేను పంచాంగంలో బల్లిపాటు ఫలితం వెతుకుతున్నాను, ఆవిడ చీపురుతో బల్లిని వెతుకుతోంది. ఇంతలో గోడ అవతల్నుంచి బావ వచ్చేశాడు.

"ఒగ్గీ అమ్మా. అది బీ షిఫ్టులో ఉన్నాది. నువ్వు తోలీసేవంటే ట్యూబులైటు కాడ పురుగుల్ని ఎవుడు సూత్తాడు?" అన్నాడు.

గౌరీశ్వరి వినలేదు. బల్లిని వీధిలోకి తరిమి తలస్నానం చేసింది. వారం తిరిగేసరికి మా రాత్రి భోజనాల సంగతి చెప్పుకోకూడదు. లైటు వేసుకుంటే చారు నిండా రెక్కల పురుగులు. ఆర్పేసుకుంటే ఏం తింటున్నామో తెలియదు. చివరికి బావే జేబురుమాల్లో ఓ బల్లిని తెచ్చి మా గోడకి అంటించాడు. ఇది టెంపరరీ, పని నచ్చితే పర్మనెంటు చెయ్యండని చెప్పి వెళ్ళిపోయాడు.

అలాగని బావ చెప్పిందల్లా వేదం కాదు. టైం ఆఫీసు గుమ్మానికి కందిరీగలు గూడు పెడితే తియ్యనివ్వలేదు. అవి మొక్కల్ని తినే గొంగళిపురుగుల్ని పడతాయని, జనరల్ షిఫ్టు అని అందరికీ పాఠం చెప్పాడు. మా ఆఫీసు చుట్టూ బొగ్గూ ఇనపరాయీ గుట్టలే తప్ప ఒక్క మొక్క లేదు. కందిరీగలకి కూడా ఈ సంగతి తెలిసినట్టుంది, పనిలేక ఓ రోజు బావ ముక్కునే కుట్టాయి. బూరెలా పొంగిన ముక్కుతో మేనకోడలి పెళ్ళికి వెళ్తే ఆడపెళ్ళివారే అతన్ని గుర్తుపట్టక పంక్తిలోంచి లేపేశారు. డ్యూటీలో ఉన్నవాడికి అడ్డంగా వెళ్ళాను, తప్పు నాదేనన్నాడు గానీ గూడు మాత్రం తియ్యనివ్వలేదు.

ఇవన్నీ నేను ఎలాగో తట్టుకున్నాను. గోడౌను సంగతి మాత్రం తట్టుకోలేకపోయాను.

మా గోడౌను నిండా గోధుమ బస్తాలు ఉండేవి. ఓ మధ్యాహ్నం టాలీ రాసుకుంటూ ఓ బస్తా మీద చెయ్యి ఆన్చాను. చేతి కింద చల్లగా ఏదో కదిలింది. చూద్దును కదా, నేనూ మా తమ్ముడూ ఒకరి మీద ఒకరు నిలబడినంత పొడుగు జెర్రిపోతు. బయటికి ఎలా వచ్చి పడ్డానో నాకు ఇప్పటికీ తెలియదు. చేతిలో పెన్సిలు ఏమైందో అంతకన్నా తెలియదు.

బావ నాకు నీళ్ళు పట్టించి, వరసగా పరిచయాలు చేశాడు. జెర్రిపోతుది పొద్దుటి ఏ షిఫ్టు. పగటి ఎలకలు దానివి, విషం లేదు. పైన వెంటిలేటర్లో ఉన్న గుడ్లగూబది సీ షిఫ్టు. రాత్రి ఎలకలు దానివి. మధ్యలో బీ షిఫ్టుకి రెండు పిల్లులున్నాయి గానీ, అవి యూనియన్ లీడర్ల బాపతు, హాజరు వేయించుకుని పడుకుంటాయి. రెక్కల పురుగుల కోసం మూలల్లో సాలీళ్ళు, గోడల మీద బల్లులు. రాలిన గింజల కోసం పిచ్చికలు. ఎవరూ చెప్పకుండానే ఒకళ్ళ పని ఇంకొకళ్ళు అందుకుంటున్నారని మురిసిపోయాడు.

"ఇందల ఒక్కణ్ణి తీసి సూడు బావా, మొత్తం గ్యాంగే కూలిపోతాది," అన్నాడు.

మనుషుల్లో ఆ గోడౌనుకి కాపలా సూరన్న. జాలరిపేట మనిషి. ఒకప్పుడు తెప్ప మీద సముద్రంలోకి వెళ్ళేవాడు. మోకాళ్ళు పట్టేశాయని మానేసి మా దగ్గర వాచ్‌మేన్‌గా చేరాడు. భార్య చిట్టమ్మ చేపల గంప మోస్తుంది. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ తెప్ప ఎక్కే వయసు కాదు. మహా నెమ్మదైన మనిషి, నోట్లోంచి మాట రావడమే గగనం.

అలాంటి చోటికి అచ్యుతరామయ్యగారు కొత్త మేనేజరుగా వచ్చారు. ఆయనకి శుభ్రమంటే ప్రాణం. టెలిఫోను మోగితే ముందు దాన్ని తుడిచి తరవాత ఎత్తుతారు. ఈయన తుడిచేలోపు అవతలివాడు పెట్టేసేవాడు. ఆయన గోడౌనులో అడుగుపెట్టి తల ఎత్తితే గుడ్లగూబ కనిపించింది, దించితే తోక కనిపించింది. ఆ రోజంతా ఆయన నోట మాట రాలేదు. మర్నాడు వచ్చింది, ఆర్డరు రూపంలో. బూజు దులపాలి, వెంటిలేటర్లకి ఇనపవల కొట్టాలి, పిల్లుల్ని గోనెలో వేసి లారీ మీద పరవాడ పంపెయ్యాలి, పాముని చంపాలి. బస్తాలు మోసే కళాసీలు కర్రలు పట్టుకొస్తే బావ అడ్డం పడి, తనే దాన్ని పట్టి యారాడ కొండ తుప్పల్లో వదిలేసి వచ్చాడు. వచ్చి మేనేజరుగారి బల్ల ముందు నిలబడి ఇంతమందికీ రిలీవర్లు ఎవరని అడిగాడు. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎలకలమందు పెట్టిస్తానన్నారు.

మందు తిని మొదట్లో కొన్ని చచ్చాయి. మిగిలినవి తెలివైనవి. నెల తిరక్కుండానే గోడౌను ఎలకల పెళ్ళివారి విడిది అయిపోయింది. బస్తా ఎత్తితే గోనె చేతికీ, గోధుమలు నేలకీ వచ్చేవి. దులిపిన మూలల్లో పురుగు పట్టింది. పట్టపగలు నా బూటు లేసు కొరుకుతున్న ఎలకని అదిలిస్తే, అది నన్ను ఎగాదిగా చూసి, పని పూర్తి చేసుకుని మరీ వెళ్ళింది. ఎలకలు మనుషుల్ని లెక్కచెయ్యని రోజులు వస్తాయని మా తాతముత్తాతలు కలలోనైనా అనుకుని ఉండరు.

మేనేజరుగారు సూరన్నని పిలిపించారు. కళ్ళముందు ఎలకలు పరిగెడుతుంటే ఒక్కదాన్నీ కొట్టలేవా, కాపలా కాస్తున్నావా నిద్రపోతున్నావా అని నిలదీశారు. నెలాఖరుకి ఇంకా బస్తాలు చిరుగుతుంటే ఇంటికి పొమ్మన్నారు. సూరన్న తల వంచుకుని నిలబడ్డాడు. నాకు జాలీ వేసింది, ఎలకని కొట్టడం కూడా ఓ పనేనా అని విసుగూ వేసింది.

ఆ ఆదివారం బావ పరవాడ అవతల వాళ్ళ ఊరు వెళ్ళాడు. సోమవారం పొద్దున్న బస్టాపులో మూతి కట్టిన గోనెసంచి నా చేతిలో పెట్టి, ఇంటి కంద, జాగ్రత్తగా గోడౌనుకి చేర్చు, నేను వెనక బస్సులో వస్తానన్నాడు. ఎందుకని అడగలేదు. కంద కదా అని సంచిని ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూచున్నాను. పక్క సీట్లో కూరగాయల గంపతో దేముడమ్మ అనే ముసలావిడ కూచుంది. సంచిలో ఏమిటని అడిగి, కంద అంటే బేరగత్తె కదా, వేళ్ళతో నొక్కి చూసింది.

"కంద ఇంత మెత్తగున్నాదేటి బాబూ? కుళ్ళిపోనాదేటి?"

ఊరి కంద అలాగే ఉంటుందన్నాను. ఆవిడ మళ్ళీ నొక్కింది. ఈసారి చెయ్యి తియ్యకుండా కాసేపు అలాగే ఉంచింది.

"ఊపిరి తీత్తంది బాబూ," అంది చాలా నెమ్మదిగా.

అప్పుడే ముడి సందులోంచి ఓ తల బయటికి వచ్చి నన్ను చూసింది. ఆ తరవాత మల్కాపురం స్టాపు దాకా ఆగడానికి ఎవరూ ఒప్పుకోలేదు. బస్సు ఖాళీ అవడం చాలాసార్లు చూశాను గానీ, గుమ్మంలోంచి కన్నా కిటికీల్లోంచి ఎక్కువమంది దిగడం అదే చూడటం. డ్రైవరు కూడా దిగిపోయాడు. నేనొక్కణ్ణే దిగలేదు. ధైర్యం ఉండి కాదు, కాళ్ళు లేవలేదు. నేనూ జెర్రిపోతూ అలా ఖాళీ బస్సులో కూచున్నాం. వెనక బస్సులో వచ్చిన బావ ఎక్కి, తలని లోపలికి నెట్టి, ముడి బిగించాడు. కొత్తవాడు, బస్సు అలవాటు లేదని పాము తరఫున నాకు సంజాయిషీ చెప్పాడు.

కొత్త పాము చేరింది. వెంటిలేటరు వల బావే కత్తిరించాడు. గుడ్లగూబ రాలేదు గానీ, పరవాడ పోయిన పిల్లులు రెండూ చిక్కి సగమై నడిచి వచ్చేశాయి. ఆకలి మీద ఉన్నాయేమో, జీవితంలో మొదటిసారి డ్యూటీ చేశాయి. నెలాఖరుకి బస్తాలు నిలబడ్డాయి, సూరన్న ఉద్యోగమూ నిలబడింది. అయితే మేనేజరుగారికి మళ్ళీ తోక కనిపించింది.

విచారణ అందరి ముందూ జరిగింది. దీన్ని ఎవరు తెచ్చారంటే బావ నేనేనన్నాడు. ఎందుకు తెచ్చావంటే ఏ షిఫ్టు మొదలుకుని సీ షిఫ్టు దాకా, సాలీడు మొదలుకుని పిల్లి దాకా వరస తప్పకుండా అప్పజెప్పాడు. కళాసీలు కడుపు పట్టుకుని నవ్వారు. నీకేమైనా పిచ్చా అని మేనేజరుగారు అడిగితే, "ఉన్నాది బాబూ," అన్నాడు వినయంగా. ఎలకలు తగ్గిన మాట నిజం గనక ఆయన పాముని తీయించలేదు. బావ బల్లా కుర్చీ గోడౌనులో వేయించి, నీ గ్యాంగుతో నువ్వే కాపురం చెయ్యమన్నారు. తాను మళ్ళీ ఆ గుమ్మం తొక్కనన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత చదువుకున్నవాడు నలుగురిలో పిచ్చివాడినని ఒప్పుకుంటాడా అని కడిగేద్దామని ఆ సాయంత్రం గోడౌనుకి వెళ్ళాను. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే సూరన్న లేచాడు. లేచి, నా పక్కనున్న బస్తాలు తూచే కాటాకి వంగి దండం పెట్టాడు.

పాముని చూసి ఉలిక్కిపడ్డాను, ఎలకని చూసి ఉలిక్కిపడ్డాను. అవేవీ దీని ముందు లెక్కలోకి రావు. దగ్గరికి వెళ్ళి మొదటిసారి సూరన్న కళ్ళలోకి చూశాను. రెండింటి మీదా పాలమీగడ కట్టినట్టు తెల్లగా ఉంది. బావ నన్ను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

"శుక్లాలు బావా. ఏడాదయ్యింది. ఆడు సముద్రం మానీసింది మోకాళ్ళకి కాదు, కళ్ళకి. ఎలక కనిపిత్తే కదా కొట్టడానికి."

"మరి అందరి ముందూ ఆ వాగుడేటి?"

"నాను నోరు మూసుకుని పాముని తెత్తే, వాచ్‌మేనుండగా పామెందుకు అంతారు. నన్ను సూసి నవ్వుకుంతే ఆడి కళ్ళకేసి ఎవుడు సూత్తాడు?"

నాకు ఆ మనిషిని కౌగిలించుకోవాలనిపించింది గానీ, హార్బరు రోడ్డు మీద బాగుండదని ఊరుకున్నాను. కంటి ఆపరేషన్ల క్యాంపు ఒకటి వస్తోందని, సూరన్న పేరు రాయించేశానని, వాడు తిరిగొచ్చేదాకా డ్యూటీ దిగాక వాడి స్టూలు మీద తనే కూచుంటానని చెప్పాడు బావ. మేనేజరుగారు ఒకవేళ మనసు మార్చుకుని ఇటు వస్తే ఏం చెయ్యడమన్నదే దిగులు. ఆ సంగతి నాకు వదిలెయ్యమన్నాను. మర్నాడు పొద్దున్నే ఆయన దగ్గరికి వెళ్ళి, గోడౌనులో పాము గుడ్లు పెట్టినట్టుందండీ అని చల్లగా చెవిలో వేశాను. ఆ తరవాత ఆయన గోడౌను వైపు కిటికీ కూడా మూయించేశారు.

కొన్ని వారాలకి సూరన్న తిరిగి వచ్చాడు. సీసా అడుగుల్లాంటి అద్దాలు, జారిపోకుండా తలచుట్టూ దారం. మా ఇద్దర్నీ ఒక్కొక్కళ్ళనే తేరిపార చూసి, నేను ఇంత నల్లగా ఉంటాననుకోలేదన్నాడు. తన స్టూలు మీద కూచుంటానని ఉత్సాహంగా లోపలికి నడిచాడు.

మరుక్షణం గోడౌనులోంచి వచ్చిన కేకకి రేవులో ఓడ కట్టిన తాడు తెగిందేమో అనుకున్నాను. ఎప్పుడూ నోరు విప్పని మనిషి గొంతు అది. పరిగెత్తి వెళ్ళేసరికి సూరన్న మోకాళ్ళ సంగతి మరిచిపోయి బస్తాల దొంతర చిటారున ఉన్నాడు. దొంగలు పడ్డారనుకుని మేనేజరుగారు కూడా తన ప్రతిజ్ఞ మరిచిపోయి దూసుకొచ్చారు. సూరన్న వేలు ఎటు చూపిస్తోందో చూశారు. చూసి, సూరన్న పక్కకి ఎక్కేశారు.

పాముందని సూరన్నకి తెలియక కాదు. ఎక్కడో అటక మీద ఉంటుందనుకున్నాడట. తన స్టూలు దగ్గర రోజూ కాలికి తగిలేది కళాసీలు పారేసిన మోకుతాడు అనుకుని, వాళ్ళని తిట్టుకుంటూ దాన్ని పాదంతో పక్కకి నెట్టేవాడట. పాత పామూ అలాగే సర్దుకుపోయింది, కొత్తదీ సర్దుకుపోయింది.

మేనేజరుగారికి ఊపిరి తిరిగాక మొదటి మాట సూరన్న గురించే అన్నారు. ఇంత చీకట్లో, అంత దూరం నుంచి, బస్తా కింద దాక్కున్నదాన్ని పట్టేశాడంటే వాచ్‌మేన్ అంటే వీడయ్యా, ఇలాంటి కళ్ళు ఉండాలయ్యా అని దొంతర మీంచే ప్రకటించారు. మళ్ళీ ఎవరూ సూరన్నని ఇంటికి పొమ్మనలేదు.

బావ కింద చతికిలబడి తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ పగలబడి నవ్వుతున్నాడు. ముందు వాళ్ళిద్దర్నీ దించే ఉపాయం చూడమని నేను గాభరా పడుతున్నాను.

"ఉండనీ బావా కాసేపు," అన్నాడు. "ఆడికి తోక కొస కూడా కనిపించీసింది. ఆపరేషను బాగా కుదిరింది."