తొమెనో అత్తయ్య కాగితం గొడుగులు

మా అత్తయ్య తొమెనో వేళ్ళకి ఎప్పుడూ మైనం వాసనే. వానలు మొదలవగానే ద్రాక్ష పందిరి కింద మెడ వెనక్కి వాల్చి నిలబడి, ఒక్కొక్క గుత్తికీ మైనం కాగితంతో గొడుగు పెట్టేది. రోజుకి వెయ్యి గుత్తులు. చినుకు పడితే కాయ పగులుతుంది, పగిలిన కాయని ఎవరూ కొనరు. కొత్త కోడలిగా నేను రెండు వందలకే మెడ పట్టేసి కూలబడితే, "పట్నం మెడ" అని నెల్లాళ్ళు ఏడిపించింది.

మా ఊరు కత్సునుమాలో ఇంటింటా కోషు ద్రాక్షే. లేత గులాబీ రంగు, మందమైన తోలు. ఎన్ని వందల ఏళ్ళ కిందట ఇక్కడికి వచ్చిందో ఎవరూ సరిగ్గా చెప్పలేరు గానీ, గుళ్ళో బుద్ధుడి చేతిలో కూడా ద్రాక్ష గుత్తే ఉంటుంది. నిండు గుత్తులు టోక్యో రైలెక్కేవి. పగిలినవీ రాలినవీ మా వాడ ఉమ్మడి వైన్ శాలకి పోయేవి. అక్కడ తొట్లు చూసేది మా మామయ్య యసోజి. ఆయన చేసిన వైన్‌ని పెద్ద సీసాల్లో ఇంటికి తెచ్చుకుని, వంకాయ ఊరగాయ నంజుకుంటూ టీ కప్పుల్లో తాగేవాళ్ళం.

యుద్ధం రోజుల్లో అదీ తాగడానికి కాదు. తొట్టి గోడలకి పేరుకునే పులుపు గడ్డలు, జలాంతర్గాముల చప్పుడు పట్టే యంత్రాల కోసం, నౌకాదళానికి కావాలన్నారు. మామయ్య రెండేళ్ళు గడ్డలు గీకాడు. అప్పుడే ఆయనకో కోరిక పుట్టింది: ఒక్క ఏడాదైనా నిండు గుత్తులతో, తాగడానికే వైన్ చెయ్యాలని. యుద్ధం అయ్యాక ఇరవై ఏళ్ళపాటు ప్రతి కోతకీ అడిగాడు.

"నేను మెడలు విరగ్గొట్టుకున్నది మీరు నలిపి పిప్పి చెయ్యడానికా? అవతలికి పొండి!" అనేది అత్తయ్య.

ఆ ఇరవయ్యో ఏటి ఎండాకాలంలో మామయ్యకి కడుపులో జబ్బు బయటపడింది. పై ఏడాది కోత దాకా ఉండడని కోఫు పట్నం డాక్టరు అత్తయ్యతో విడిగా చెప్పాడు. ఆ సంగతి ఆవిడ నాకొక్కదానికే చెప్పింది, ఊరగాయ పీపా మీద రాయి సర్దుతూ.

కోతల్లో ఇంటి వెనక ముసలి తీగ గుత్తులన్నీ, ఆరు వందలు, అత్తయ్య వైన్ బుట్టల్లోకి సర్దేస్తోంది. నేను బుట్టకి అడ్డం పడ్డాను.

"అత్తయ్యా, అవి రైలువి!"

"నోర్మూసుకుని మొయ్యవే."

మొయ్యక చస్తానా? తోపుడుబండి మీద ఇద్దరం వైన్ శాలకి చేర్చాం. బోర్లించిన తొట్టి మీద కూర్చున్న మామయ్య బుట్టలోకి చూసి తెల్లబోయాడు.

"పొరపాటున తెచ్చావేమే?"

"పొరపాటే. నా మనసు మారేలోపు కానివ్వండి."

ఆయనకి ద్రాక్ష నలిపే మర తిప్పే ఓపిక లేదు. అత్తయ్యే తిప్పింది. "మెల్లిగా, గింజ నలగకూడదు" అని ఆయన, "నాకు చెప్పొచ్చారు" అని ఆవిడ. నా పెళ్ళయి ఆరేళ్ళయినా వాళ్ళని అంత ముద్దుగా నేనెప్పుడూ చూడలేదు.

ఇక ఆ వైన్ తేరేదాకా మామయ్య ఉంటాడా అన్నదే మా దిగులు. కొత్త సంవత్సరానికి గంజి తప్ప ఏదీ దిగడం లేదు. అత్తయ్య రోజూ తొట్టి దగ్గరికి వెళ్ళి, త్వరగా కానివ్వమని దాన్నీ కసిరి వచ్చేది.

ఫిబ్రవరిలో, ప్లమ్ చెట్లు పూసే వేళ, ఒక పొద్దున మొదటి సీసా వచ్చింది. మామయ్య కప్పు అందుకుని వాసన చూసి, ఒక గుక్క నోట్లో ఉంచుకుని కళ్ళు మూసుకున్నాడు. చెంపల మీదుగా నీళ్ళు కారాయి.

"ఎలా ఉంది?" అంది అత్తయ్య.

"చాలా బాగుందే. ఇంత బాగా వస్తుందనుకోలేదు." కప్పు కింద పెట్టాడు. "వచ్చేపోయేవాళ్ళకి ఉంచు. నాకు మాత్రం మనది పొయ్యవే."

"మరి ఇదెవరిది, పక్కింటిదా?"

"మనది అంటే, నువ్వు తిట్టుకుంటూ ఏరి పారేసిన కాయలది. ఇందులో నీ తిట్లు లేవే."

అత్తయ్య పాత సీసా తెచ్చి పోసింది. సగం చాప పాలైంది. అప్పుడు అందుకుంది: ఆరు వందల గుత్తులు, ముసలి తీగ, రైలెక్కాల్సిన సరుకు, కృతజ్ఞత లేని మనిషి! ఏడుస్తూనే తిట్టింది. ఆయన గుక్క గుక్కకీ తలూపుతూ తాగాడు.

ఆ తర్వాత ఆయన బతికిన నలభై రోజులూ, ఒక్క పూటా మానకుండా తిట్టింది.