ఏడున్నర మార్కుల పొగ

మా ముక్కుగారి ఇంటి గోడలో మూడు ఆదివారాలపాటు నిప్పు రాజుకుంటూ ఉంటే, ఆ వాసనకి వాడు పదికి ఏడున్నర మార్కులు వేశాడు. నేను పక్కనే కూర్చుని చూశాను. నేను చెప్పే కథల్లో సగానికి సగం కోసేసి నమ్మాలని మా మనవలకు కూడా తెలుసు. ఇందులో మాత్రం కోయడానికి ఏమీ లేదు.

నలుగురి కళ్లూ పరీక్షించే కళ్లద్దాల దుకాణదారుకి ముక్కు పేరు రావడం విచిత్రమే. పెట్టింది నేనే. గౌరవమంతా ఆ పేరులోనే ఉంది, మాటల్లో మాత్రం ఒరేయ్ అంటే ఒరేయ్. ఇద్దరం ఒకే కాన్వెంటులో చదువుకున్నాం. అయిదో తరగతిలో వాడు కళ్లు మూసుకుని, వరండాలో వచ్చేది ఏ సిస్టరో చెప్పేవాడు. మైనం వాసన వేస్తే ప్రార్థన సిస్టరు. సుద్దముక్క వాసన వేస్తే లెక్కల సిస్టరు. ఏ వాసనా లేదంటే మదర్ సుపీరియర్ వస్తున్నట్టు లెక్క, అందరం నిటారుగా కూర్చునేవాళ్లం. వెనక బెంచీవాడి డబ్బాలో ఏముందో, దాన్ని వాడు ఎవడితో పంచుకోబోతున్నాడో కూడా చెప్పేవాడు. ఆ రెండోది వాసనతో ఎలా తెలిసేదని నన్నడగొద్దు.

అలాంటి ముక్కున్నవాడికి నలభై దాటాక సింగిల్ మాల్ట్ స్కాచ్ విస్కీ పిచ్చి పట్టుకుంది. తాగుడు కాదు. తాగుడైతే వాళ్లావిడ ఎప్పుడో మాన్పించేది. ఏడాదికి మూడో నాలుగో సీసాలు, స్టేషను వెనక సందులోని దుకాణంలో కొనేవాడు. సీసాని వెలుతురుకి ఎత్తి, మెడ దగ్గర ఎంతవరకు నిండి ఉందో చూసేవాడు. బిరడా చుట్టూ తడి ఉందేమోనని వేలితో తడిమేవాడు. ఒకటి పెట్టి ఇంకొకటి, అది పెట్టి మళ్లీ మొదటిది.

"పెళ్లిచూపులయ్యాయా సార్, ప్యాక్ చేసేదా?" అని దుకాణదారు విసుక్కునేవాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్ల ముందుగదిలో మేమిద్దరం కూర్చునేవాళ్లం. అడుగున ఉబ్బి పైకి సన్నబడే గ్లాసు, అందులో రెండు చెంచాల సరుకు. పీపాలో ఎన్నేళ్లుంటే గ్లాసులో అన్ని నిమిషాలు ఊరుకోవాలన్నది వాడి నియమం. పద్దెనిమిదేళ్ల సీసా తెరిస్తే నా ప్రాణం మీదికి వచ్చేది. ఆ తర్వాత మూడు చుక్కల నీళ్లు. అప్పుడు ముక్కు పెట్టేవాడు. కళ్ల పరీక్షలో అద్దాలు మారుస్తూ "ఇదా, అదా?" అని అడుగుతారే, అచ్చం అలాగే రెండు గ్లాసులు ముందు పెట్టుకుని "ఇదా, అదా?" అని తన్ను తానే అడుక్కుంటూ నోట్‌బుక్కులో రాసేవాడు. తడిసిన తోలు. ఎండిన నారింజ తొక్క. పాత పుస్తకం అట్ట. ఆస్పత్రి వరండా. చివర మార్కులు. నా ముక్కు నశ్యం పీల్చీ పీల్చీ ఎప్పుడో చచ్చింది కాబట్టి, నేను రుచి చూసి "బాగుందిరా" అనడం వరకే.

పొగ వాసన సీసాలంటే వాడికి మరీ మోజు. స్కాట్లండ్ దీవుల్లో బార్లీ మొలకల్ని ఆరబెట్టడానికి, బురదనేల తవ్వి తీసిన పీట్ అనే గడ్డల్ని కాలుస్తారు. ఆ పొగ గింజకి పట్టి, పన్నెండేళ్లు పీపాలో నిద్రపోయినా సీసా తెరవగానే లేచి కూర్చుంటుంది. మొదటిసారి అలాంటి సీసా తెరిచినప్పుడు చెల్లెమ్మ, అంటే వాళ్లావిడ, వంటింట్లోంచి బకెట్టు నీళ్లతో పరుగెత్తుకొచ్చింది.

"ఏమండీ, ఏదో కాలుతోంది!"

"కాలడం కాదే పిచ్చిదానా, దీని గొప్పతనమే అది. వచ్చి వాసన చూడు."

"గొప్పతనమా నా మొహమా! తారు డబ్బాలో మూతి పెట్టినట్టుంది. అన్నయ్యగారూ, మీరైనా చెప్పరేం?"

నేనేం చెబుతాను? ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆమె ముఖం చిన్నబుచ్చుకుని బకెట్టు తీసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఏ ఆదివారం ఎంత పొగ వాసన వచ్చినా తల తిప్పి చూడలేదు. ఆమెకి ఆ పాఠం నేర్పింది మేమే.

నేను ఇంకో ఘనకార్యం కూడా చేశాను. కిందటేడు వాడు నీళ్ల కోసం లోపలికి వెళ్లినప్పుడు, కాలిన అగ్గిపుల్లని గ్లాసులో ఒక్క ముంచు ముంచి తీశాను. వాడు వచ్చి వాసన చూసి అరపేజీ రాశాడు. 'దూరాన చలిమంట, దాని పక్కన తడి గొర్రె.' ఎనిమిది మార్కులు. నెల రోజులు కడుపులో దాచుకుని, ఇక ఆపుకోలేక చెప్పేశాను. రెండు వారాలు నాతో మాట్లాడలేదు.

ఈ చలికాలం మొదట్లో వాడు సీసాల కోసం అద్దాల అలమారా చేయించాడు. ముందుగదికీ లోపలి గదికీ మధ్య గోడంతా చెక్కపలకలు. ఆ గోడకి ఆనించి అలమారా నిలబెట్టాడు. సీసాలు బంగారంలా మెరవాలని, చల్లగా వెలిగే కొత్తరకం దీపాలు కాదని, ముట్టుకుంటే చెయ్యి కాలే పాతరకం బల్బులు పన్నెండు పెట్టాడు. ఎలక్ట్రీషియన్ని పిలవమని చెల్లెమ్మ అంది.

"కళ్లద్దాల్లో ఆవగింజంత మర బిగించేవాణ్ణి, రెండు తీగలు కలపలేనా?" అన్నాడు.

కలిపాడు. పలకల వెనక నుంచి లోపలి గదికి వెళ్లే తీగని కోసి, దీపాల తీగ మెలిపెట్టి, టేపు చుట్టి, పలక మూసేశాడు. ఆ లోపలి గది వాడి అత్తగారిది. తుంటి విరిగి మంచం పట్టిన మనిషి, ఒకరు పట్టుకోనిదే లేవలేదు. ఆవిడ హీటరు ఆ తీగ మీదే నడుస్తుంది. ఆవిడ తలగడ ఆ గోడకే ఆని ఉంటుంది. దీపాలు ఆదివారం సీసాలు తీసేటప్పుడు మాత్రమే వెలిగేవి. అంటే హీటరు బరువూ బల్బుల బరువూ కలిసి ఆ టేపు చుట్టిన అతుకు మీద పడేది, మేం గ్లాసులు పట్టుకుని కూర్చునే ఆ రెండు గంటలే.

మొదటి ఆదివారం వాడు దీవి సీసా ఒకటి తెరిచాడు. 'పొగ, తారు, అడుగున కాలిన రబ్బరు' అని రాసి ఏడున్నర వేశాడు.

"ఎనిమిది వెయ్యకుండా అర మార్కు ఎందుకు తగ్గించావురా?"

"రబ్బరుకి."

గోడ అవతల నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "అల్లుడుగారూ, ఇవాళ ఈ గోడ వెచ్చగా ఉందండీ. వీపుకి ఎంత హాయిగా ఉందో!"

"ఎండ తగిలుంటుందండీ," అన్నాడు వాడు, ముక్కు గ్లాసులోంచి తీయకుండా.

రెండు గదుల మధ్య గోడకి ఎండ ఎక్కణ్నించి వస్తుంది? ఆ మాట మా ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు.

రెండో ఆదివారం చెల్లెమ్మ నీళ్లగిన్నె తెచ్చి పెడుతూ, "అమ్మ మంచం గోడకి ఇంకా దగ్గరికి జరపమని ఒకటే పోరు. జరిపాను," అంది. వాడు తెరిచినది పొగ అంతగా లేని సీసా. వాసన చూసి ముఖం చిట్లించాడు. మళ్లీ చూశాడు.

"ఇందులో ఇంత పొగ ఉండకూడదే." గ్లాసు దించి నా వైపు చూశాడు. "ఒరేయ్. మళ్లీ అగ్గిపుల్లా?"

కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. లేని మీసం మెలేస్తూ, "నీ ముక్కు ఉందిగా, దాన్నే అడుగు," అన్నాను. చెయ్యని అల్లరికి పేరు రావడంలో ఉన్న మజా ఏ సీసాలోనూ లేదు. అప్పుడే అలమారాలో దీపాలన్నీ ఒక్క క్షణం మినుక్కుమన్నాయి. అవి కూడా నాతో కలిసి వాడికి కన్ను కొడుతున్నాయనుకుని నవ్వాను. వాడు పేజీ ఖాళీగా వదిలేసి పుస్తకం మూశాడు.

మూడో ఆదివారం తెరిచింది, తన దుకాణం పెట్టి ముప్పై ఏళ్లయిన రోజు కోసం దాచుకున్న సీసా. తీపి ద్రాక్ష సారాయి పీపాలో పెరిగిన సరుకు. పుట్టాక పొగ ముఖమే ఎరగదు. పద్దెనిమిది నిమిషాలూ గడియారం చూస్తూ గడిపాడు. ముక్కు పెట్టాడు. గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టి లేచి నిలబడ్డాడు.

"దీన్ని కూడా వదల్లేదా నువ్వు? ఈ సీసాని కూడా?"

"ఒట్టు, ఈసారి నేను కాదురా."

"ఈసారి అంటే?"

"కిందటిసారి కూడా నేను కాదు!"

"మరి కిందటిసారి ఎందుకు నవ్వావు?"

వాడు జేబులు చూపించమంటే చూపించాను. అగ్గిపెట్టె లేదు, నశ్యం డబ్బీ ఉంది. వాడు లోపలికి వెళ్లి రెండు గ్లాసులు సబ్బుతో కడిగి, తుడిచి తెచ్చాడు. దుకాణంలో ఎంత గందరగోళపు కళ్లైనా వాడు చూసే పద్ధతి ఒక్కటే: ఒక అద్దం ఉంచడం, ఒకటి తీసేయడం. ఒక గ్లాసులో కొత్తగా సీసాలోంచి పోశాడు. రెండోది ఖాళీగా వదిలేశాడు. కళ్లు మూసుకుని, "నువ్వు అటూ ఇటూ మార్చి పెట్టు," అన్నాడు. పెట్టాను. ఎడమది చూశాడు. కుడిది చూశాడు.

"ఇదా... అదా..." మళ్లీ కుడిది. "ఇందులోనే పొగ ఎక్కువ."

కళ్లు తెరిచి చూస్తే చేతిలో ఉన్నది ఖాళీ గ్లాసు.

వాడు తల ఎత్తి గదిలో గాలి పీల్చాడు. గోడ అవతల నుంచి అత్తగారు పిలిచింది. గొంతులో హాయి లేదు.

"అమ్మాయ్... మంచం ఇవతలికి లాగవే. గోడ కాలుతోంది. ఏదో వాసన కూడానూ."

వంటింట్లోంచి చెల్లెమ్మ, తల తిప్పకుండానే అయి ఉంటుంది, జవాబిచ్చింది. "అది వాళ్ల సీసా పొగేలేమ్మా. ఆదివారం కదా."

వాడు అలమారాలోకి చెయ్యి పోనిచ్చి ఒక సీసా పట్టుకున్నాడు. వెంటనే వదిలేశాడు. వేడిగా ఉంది. "మెయిను ఆపెయ్!" అని అరిచి లోపలికి పరుగెత్తాడు. నేను మెట్ల దగ్గరున్న కరెంటు పెట్టె వైపు పరుగెత్తి కనిపించిన ప్రతి మీటా కిందికి లాగేశాను. తిరిగి వచ్చేసరికి లోపలి గది గోడ మీద రంగు బుడగలు బుడగలుగా లేచి ఉంది. తలగడ అంచు గోధుమరంగుకి తిరిగింది. మంచం కోడు చాపలో చిక్కుకుని కదలడం లేదు. వాడు మంచాన్ని వదిలేసి మనిషినే రెండు చేతులతో ఎత్తుకున్నాడు.

"అయ్యో, సీసాలొదిలేసి నన్నెత్తుకున్నారేంటి అల్లుడుగారూ!" అంది ఆవిడ దగ్గుతూ. ఆ స్థితిలో కూడా ఆవిడకి ఆ మాట వచ్చింది.

మేం వీధి మెట్లు దిగుతుండగా పలకల సందులోంచి మంట బయటపడింది. కరెంటు పోయినా, మూడు వారాలుగా లోపల కుమిలిన చెక్క ఆగలేదు. ఎదుటి అరుగు మీద కూర్చుని చూశాం. లోపల ఒక్కో సీసా పగిలినప్పుడల్లా కిటికీలో నీలిమంట లేచేది. వాడు లెక్కపెడుతున్నాడేమో అనుకున్నాను. చూస్తే అత్తగారి పాదాలు చేతుల్లోకి తీసుకుని రుద్దుతున్నాడు.

ఫైరింజనువాళ్లు ఆర్పాక, వాళ్ల పెద్దాయన మసి చేతులతో బయటికొచ్చి, "ఇంకో పావుగంట ఆలస్యమైతే ఆ మంచం మీద మనిషి మిగిలేది కాదు. ముందు నుంచీ వాసన రాలేదా మీకు?" అన్నాడు.

చెల్లెమ్మ మమ్మల్ని చూసింది.

"వచ్చిందండీ. ఏడున్నర మార్కులు కూడా వేశారు."

ఇల్లు బాగుచేయించారు. పలకల గోడ తీసి ఇటుక గోడ కట్టారు. అత్తగారి మంచం కిటికీ వైపుకి మారింది. వాడు మళ్లీ ఒక్క సీసా కొనలేదు. మొన్న ఆదివారం నేనే ఒకటి తీసుకెళ్లాను, పొగ లేనిది. వాడు ముందు ఖాళీ గ్లాసు వాసన చూశాడు. అక్కడితో ఆగకుండా లేచి, నాలుగు గోడలకీ అరచెయ్యి ఆనించి వచ్చి కూర్చున్నాడు. "ఇప్పుడు ఎందులో చూసినా పొగే వస్తోందిరా. నీళ్లలో కూడా. ఏది నిజమో తేల్చుకోలేకపోతున్నాను," అన్నాడు.

అంతలో లోపలి నుంచి అత్తగారు, "అల్లుడుగారూ, ఈ గోడ కూడా కాస్త వెచ్చగా ఉందే," అంది.

ఇద్దరం ఒక్క అంగలో అక్కడున్నాం. అది వీధివైపు గోడ. బయట పడమటి ఎండ దాని మీద నిండుగా పడుతోంది.

"ఎండేరా," అన్నాను.

వాడు నా ముఖంలోకి చూశాడు. "నిజం చెబుతున్నావా?"

"నిజమేరా."

వాడు తల ఊపాడు గానీ గోడ మీంచి చెయ్యి తీయలేదు. ఆ అనుమానపు చూపు నేను సంపాదించుకున్నదే. నేను కూడా వాడి పక్కన నా చెయ్యి ఆనించాను. ఎండ దిగి, గోడ చల్లబడేదాకా అలాగే నిలబడ్డాం.